బొద్దక్షరం పుట్టుక: స్లాబ్ సెరిఫ్ ముద్రాక్షర చరిత్ర – ఒక పరిశీలన

నేటి తెలుగు నిఘంటువుల్లో చాలావాటిలో ఆరోపం బొద్దుగానూ, అర్థవివరణ మామూలు మందంలోనూ ఉంటాయి. సవ్యాఖ్యాన కావ్యప్రతుల్లో మూలపద్యం బొద్దుగా, ప్రతిపదార్థం సన్నగా కనిపిస్తుంది. పరిశోధన వ్యాసాల్లో ఉపశీర్షికలకూ ఇదే పద్ధతి. అక్షరం మందం పెరిగితే మాటకు ప్రాధాన్యం పెరిగినట్టు పాఠకుడు వెంటనే గ్రహిస్తాడు. ఎవరూ నేర్పకుండానే వచ్చినట్టుండే ఈ సంకేతానికి ముద్రణలో రెండు వందల ఏళ్ల చరిత్ర కూడా లేదు. గూటెన్‌బర్గ్ తరువాత దాదాపు నాలుగు శతాబ్దాల పాటు యూరపు ముద్రాపకులు పుస్తకంలో ఒక మాటను ఎత్తిచూపడానికి ఇటాలిక్కును, పెద్దక్షరాలను, గోథిక్ లిపిని, ఎర్రసిరాను వాడారు. అదే రూపంలోని అక్షరాన్ని లావు చేసి అదే పంక్తిలో నిలపడం వారి పద్ధతి కాదు. ఆ పద్ధతి పుస్తకంలో పుట్టలేదు. లండన్ వీధి గోడల మీద, లాటరీ ప్రకటనల్లో, నాటక కరపత్రాల్లో పుట్టిన బొద్దక్షరం ఒక తరం తరువాత నిఘంటువులోకి ప్రవేశించింది. ఆ ప్రవేశానికి వాహకమైనది స్లాబ్ సెరిఫ్ అనే అక్షరజాతి. దాని స్వరూపాన్ని, ప్రయోజనాన్ని, తెలుగు ముద్రణ చరిత్రకారులకు అది ఇవ్వగల ఆధారాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పరిభాష. రోమన్ లిపిలో అక్షరపు గీత ముగిసేచోట అడ్డంగా కనిపించే చిన్న కొసగీతను సెరిఫ్ అంటారు. మామూలు పుస్తకాక్షరాల్లో ఇది సన్నగా, గీతలోకి వంపుగా కలిసిపోయి ఉంటుంది. ఆ కొసగీత నిలువుగీతంత మందంతో, నలుచదరపు దిమ్మెలా ఉంటే అది స్లాబ్ సెరిఫ్. 'స్లాబు' అనగానే మనకు ఇంటి పైకప్పు గుర్తొస్తుంది. ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. స్తంభం కింద పీఠం, పైన బోదె ఉన్నట్టు అక్షరానికి కిందా మీదా దిమ్మెలు ఉంటాయని ఊహించుకుంటే రూపం స్పష్టమవుతుంది. 'దిమ్మె సెరిఫ్' అనే అనువాదం చేసుకోవచ్చు గాని, ఫాంటు రూపకర్తలలో 'స్లాబ్ సెరిఫ్' అన్న మాటే చెల్లుబాటులో ఉంది కనుక ఇక్కడా దానినే వాడుతున్నాను. ఇక 'బొద్దు' అన్న మాటను గమనించాలి. అది శరీర స్థూలతకు సంబంధించిన మాట. ఆంగ్ల ముద్రాపకులు కూడా తమ తొలి లావు అక్షరాలను 'ఫ్యాట్ ఫేస్' అనే పిలిచారు. వేర్వేరు కాలాల్లో రెండు భాషలూ అక్షరాన్ని దేహంగానే చూశాయి.

తొలి సాక్ష్యం

ముద్రాక్షరంగా స్లాబ్ సెరిఫ్ మనకు దొరికే తొలి చోటు విన్సెంట్ ఫిగిన్స్ నమూనా పుస్తకం. ఫిగిన్స్ (1766–1844) లండన్‌లో జోసెఫ్ జాక్సన్ వద్ద పని నేర్చి, 1792లో సొంతంగా అక్షరాల ఫౌండ్రీ పెట్టుకున్నాడు. 1815 తేదీ గల అతని నమూనా పుస్తకంలో 'యాంటీక్' అనే పేరుతో నల్లని, దిట్టమైన పెద్దక్షరాలు కనిపిస్తాయి. చిన్నక్షరాలు అప్పటికి లేవు. అయితే ముఖపత్రం మీది సంవత్సరాన్ని యథాతథంగా స్వీకరించడానికి వీలులేదు. ఈ పుటలను తరువాత, 1817 ప్రాంతంలో చేర్చి ఉండవచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. నమూనా పుస్తకాలు ఒక్కసారిగా తయారయ్యేవి కావు. కొత్త అక్షరం పోత పోసినప్పుడల్లా పుటలు చేరుతుండేవి. తాళపత్ర ప్రతిలో గద్యకు ఒక కాలం, అతికిన ఆకుకు మరొక కాలం ఉండే సంగతి తెలిసిన మన పాఠపరిష్కర్తలకు ఈ చిక్కు కొత్తది కాదు.

ఈ ఫిగిన్స్‌తో తెలుగుకు ఒక నేరు సంబంధం ఉంది. 19వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఈస్టిండియా కంపెనీ కోసం, సంస్కృత పండితుడు చార్లెస్ విల్కిన్స్ పర్యవేక్షణలో, తెలుగు ముద్రాక్షరాలను చెక్కినది ఇతని ఫౌండ్రీయే. ఒకే కార్ఖానాలో ఒకవైపు కంపెనీ కోసం తెలుగు గుండ్రని అక్షరాలు, మరికొన్నేళ్లకే లండన్ గోడల కోసం కోణాల దిమ్మె అక్షరాలు తయారయ్యాయి. సెరాంపూరులో కేరీ తెలుగు వ్యాకరణం 1814లోను, మద్రాసులో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం 1816లోను వెలువడ్డాయి. తెలుగు ముద్రాక్షరం వ్యాకరణ గ్రంథాల్లో కుదురుకుంటున్న ఆ రోజుల్లోనే ఇంగ్లీషు ముద్రాక్షరం పుస్తకాన్ని దాటి వీధిలోకి వెళ్లింది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం అంటగట్టనక్కరలేదు. అయితే తెలుగు ముద్రణ చరిత్రను సువార్త, పాలన అనే రెండు ప్రేరణలతోనే ముగించే అలవాటుకు ఇది ఒక సవరణ. మన అక్షరాలను చెక్కిన చేతులు వాణిజ్యపు చేతులు కూడా.

'ఈజిప్షియన్' అనే పేరు

ఈ అక్షరజాతికి స్థిరపడిన మరో పేరు 'ఈజిప్షియన్'. 1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర, 1802లో రోసెట్టా శిల బ్రిటిష్ మ్యూజియం చేరడం వంటి ఘటనల వల్ల లండన్‌లో ఈజిప్టు మోజు బలంగా ఉండేది. కుర్చీల కాళ్ల నుంచి కట్టడాల ముఖాల వరకు ఆ ముద్ర పడింది. దుకాణాల బోర్డుల మీద అన్ని గీతలూ ఒకే మందంతో రాసే అక్షరాలకు కూడా ఆ పేరు తగిలించారు. రాబర్ట్ సౌథీ 1807లో ఒక స్పానిష్ యాత్రికుడి పేరుతో వెలువరించిన లేఖల్లో దీనిని ఎగతాళి చేశాడు. ఈజిప్టువారికి అక్షరాలే లేవు కదా అంటూ, సన్నగా ఉండవలసిన గీతలకు బోదకాలు వచ్చినట్టుందని అతని వ్యంగ్యం. ముద్రాక్షరం కన్నా ముందే బోర్డు రాసే చిత్రకారుల చేతిలో ఈ ఏకమంద అక్షరం ఉందని చెప్పడానికి ఆ లేఖ మంచి సాక్ష్యం.

పేరులో గందరగోళం ఇక్కడితో ఆగలేదు. 1816లో నాలుగవ విలియం కాస్లాన్ 'ఈజిప్షియన్' అని చూపించిన ముద్రాక్షరానికి సెరిఫ్‌లే లేవు. అదే తొలి సాన్ సెరిఫ్ ముద్రాక్షరం. దిమ్మె సెరిఫ్ ఉన్న అక్షరాన్ని ఫిగిన్స్ 'యాంటీక్' అన్నాడు. రాబర్ట్ థార్న్ 1820లో మరణించాక అతని ఫౌండ్రీని కొన్న విలియం థోరోగుడ్ 1821 నమూనా పుస్తకంలో దిమ్మె సెరిఫ్ అక్షరాలే 'ఈజిప్షియన్' పేరుతో కనిపిస్తాయి. చివరికి ఆ పేరు వీటికే నిలిచింది. కనుక 1810–1830 నడుమ ఏదైనా ఆంగ్ల పత్రంలో 'ఈజిప్షియన్ అక్షరాలు' అన్న మాట కనిపిస్తే అది ఏ రూపమో చూడకుండా తేల్చలేం. నెపోలియన్ సైనికులు దూరపు సంకేతాల కోసం ఈ అక్షరాలను కనిపెట్టారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదు.

గోడకు తగిన దేహం

పేరు ఫ్యాషన్ నుంచి వచ్చినా రూపం మాత్రం అవసరం నుంచి వచ్చింది. ఫ్యాట్ ఫేస్ అక్షరాల్లో నిలువుగీత బాగా లావుగా, అడ్డగీత వెంట్రుకవాసిగా ఉంటుంది. చేతిలోని కరపత్రంలో అది సొగసుగానే ఉంటుంది. అదే అక్షరాన్ని గోడ మీద అతికించి వీధికి ఆవలి నుంచి చూస్తే సన్నగీత మాయమై, నల్లని స్తంభాలు మాత్రం మిగులుతాయి. ఏది E, ఏది F, ఏది L అన్నది ఆ సన్నగీతల వల్లనే తెలుస్తుంది. అవి పోతే అక్షరభేదమే పోతుంది. గీతలన్నిటికీ సమాన మందం ఇవ్వడం దీనికి పరిష్కారం. అయితే సెరిఫ్‌ను తీసివేయకుండా దానికీ అదే మందం ఎందుకిచ్చారు? అక్షరపు కొస ఎక్కడుందో దూరం నుంచి తెలియాలి. దిమ్మె ఆ కొసను గట్టిగా గుర్తిస్తుంది. పైగా పక్కపక్క అక్షరాల దిమ్మెలు దాదాపు ఒకదానినొకటి ఆనుకుంటాయి కాబట్టి మాట మొత్తం పునాది, పైకప్పు ఉన్న ఒకే కట్టడంలా కనిపిస్తుంది.

ఈ సమానత్వం కొలబద్దకు కాదు, కంటికి సంబంధించినది. అడ్డగీతను నిలువుగీతకు సరిగ్గా సమానంగా చెక్కితే అడ్డగీతే లావుగా కనబడుతుంది. కనుక మంచి స్లాబ్ సెరిఫ్‌లో అడ్డగీతలు, దిమ్మెలు ఒక పిసరు సన్నగా ఉంటాయి. చిన్నక్షరాలైన a, e, g లలో చిక్కు ఇంకా ఎక్కువ. తక్కువ ఎత్తులో మూడు అడ్డగీతలు ఇమడాలి, నడుమ తెల్లజాగా మిగలాలి. అక్షరం లోపలి ఆ తెల్లజాగాను అక్షరగర్భం అనుకుందాం. బొద్దక్షరం రూపకర్త నల్లదనాన్ని గీస్తున్నట్టు కనిపిస్తాడు గాని, నిజానికి మిగిలిన కాస్త తెలుపును పంచుతుంటాడు. తొలి 'యాంటీక్'లో చిన్నక్షరాలు లేకపోవడానికి ఈ కష్టం ఒక కారణమని నా ఊహ.

సాంకేతిక పరిస్థితులు కూడా కలిసివచ్చాయి. పెద్ద సైజు అక్షరాలను మామూలు పంచి–మాతృక పద్ధతిలో పోత పోయడం కష్టం. 1810లో కాస్లాన్ 'సాన్‌పరేల్' అనే మాతృకలను ప్రవేశపెట్టాడు. లోహపు రేకులో అక్షరాన్ని కోసి, దాన్ని మరో రేకు మీద రివెట్లతో బిగించే పద్ధతి అది. ఇనుప ముద్రణ యంత్రాలు (1800 ప్రాంతపు స్టాన్‌హోప్, 1820 ప్రాంతపు ఆల్బియన్) కొయ్య యంత్రం ఇవ్వలేని ఒత్తిడిని ఇచ్చాయి. నల్లని వైశాల్యం ఎక్కువగా ఉన్న అక్షరం కాగితం మీద సమంగా దిగాలంటే ఆ ఒత్తిడి కావాలి.

ఇక అవసరం మాటకొస్తే, వార్తాపత్రికలో ప్రకటనకు పన్ను ఉండేది. అది 1853 వరకు రద్దు కాలేదు. పత్రిక కాలమ్‌లలో ప్రకటన చిన్నక్షరాల్లో ఇరుక్కునేది. గోడకు అటువంటి కట్టడి లేదు. ప్రభుత్వ లాటరీ నిర్వాహకులు, నాటకశాలలవారు, వేలం వేసేవారు, బండి ప్రయాణాల యజమానులు పోటీపడి గోడలకెక్కారు. 1826లో ముగిసేదాకా ప్రభుత్వ లాటరీ ఈ అక్షరాలకు పెద్ద పోషకురాలు. థోరోగుడ్ థార్న్ ఫౌండ్రీని కొన్నది కూడా లాటరీలో గెలిచిన డబ్బుతోనే. లాటరీ ప్రకటనల కోసం పెరిగిన అక్షరాలను లాటరీ విజేతే కొనడం చరిత్రలో అరుదుగా దొరికే పొందిక.

పండితుల నిరసన

1825లో వచ్చిన 'టైపోగ్రాఫియా' గ్రంథంలో టి.సి. హ్యాన్సర్డ్ ఈ ధోరణిని తీవ్రంగా ఖండించాడు. ఫ్యాషన్ ఒక కొస నుంచి మరో కొసకు దూకుతుందనీ, కత్తివాదర వంటి సన్నగీతల తరువాత ఇప్పుడు అన్ని గీతలూ ఒకే మందమున్న 'యాంటీక్' లేదా 'ఈజిప్షియన్' వచ్చిందనీ ఆయన ఫిర్యాదు. పుస్తకముద్రణే ముద్రణ అని నమ్మిన తరం అది. వారి విమర్శలో ఒక ప్రమాణదోషం ఉంది. చేతిలో పట్టుకుని చదివే అక్షరానికి పెట్టిన గుణాలను నడుస్తూ చూసే అక్షరానికి వర్తింపజేశారు. ఈ పక్షపాతం ఒక శతాబ్దం పైగా నిలిచింది. 1938లో నికొలెట్ గ్రే 19వ శతాబ్ది అలంకారాక్షరాల మీద ఆంగ్లంలో పుస్తకం వెలువరించేదాకా ఈ అక్షరాలకు తగిన చరిత్రే లేదు. 1969లో రాబ్ రాయ్ కెల్లీ అమెరికన్ కొయ్య అక్షరాల చరిత్ర ప్రచురించాక గాని అవి గంభీరమైన అధ్యయన వస్తువు కాలేదు.

ఆ అమెరికన్ శాఖను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. చాలా పెద్ద అక్షరాలను సీసంలో పోస్తే బరువెక్కుతాయి, చల్లారేటప్పుడు ముఖం పల్లమవుతుంది. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో తిరుగుడు కోతయంత్రంతో కొయ్య అక్షరాల తయారీని సాధించి, 1828లో తొలి పట్టిక వెలువరించాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి ప్యాంటోగ్రాఫును జోడించాడు. దానితో ఒకే నమూనా నుంచి ఏ సైజైనా తీసే వీలు కలిగింది. స్లాబ్ సెరిఫ్ రూపాలు సాగి, ఇరుకై, చివరికి దిమ్మె నిలువుగీత కన్నా లావయ్యే దాకా వెళ్లాయి. సర్కస్ గోడపత్రికల్లో, హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో మనం చూసే రూపం అదే. ఒక గోడపత్రికలో ఆరేడు రకాల అక్షరాలుండటం అభిరుచిలేమి అని తరచు అంటారు. కంపోజిటర్ దృష్టిలో అది లెక్క. ప్రతి పంక్తీ కాగితం వెడల్పంతా నిండాలి. చిన్న మాటకు వెడల్పక్షరం, పొడవు మాటకు ఇరుకక్షరం ఎంచుకోవలసిందే.

క్లారెండన్: గోడ నుంచి గ్రంథానికి

ఈ వ్యాసానికి కీలకమైన ఘట్టం 1845. థోరోగుడ్ సంస్థలో భాగస్వామి అయిన రాబర్ట్ బెస్లీ, బెంజమిన్ ఫాక్స్ అనే పంచి చెక్కేవాడి చేత 'క్లారెండన్' అనే అక్షరాన్ని తయారు చేయించాడు. ఇది స్లాబ్ సెరిఫ్ వంశంలోనిదే గాని గోడ కోసం కాదు. దీని దిమ్మె నిలువుగీతలోకి చిన్న వంపుతో కలుస్తుంది. గీతల్లో కొద్దిపాటి మందభేదం ఉంది. అక్షరం ఇరుకు. ముఖ్యంగా చిన్న సైజులో, మామూలు రోమన్ అక్షరాల పక్కన, అదే ఆధారరేఖ మీద నిలవగలదు. చదువుతున్న పంక్తిని చెదరగొట్టకుండా ఒక మాటను మాత్రం పైకి తేగలదు. నిఘంటువులు, పట్టికలు, రైల్వే కాలసూచికలు వంటి వెతికి చదివే గ్రంథాలకు ఇదే కావలసింది. అంతకుముందు కంపోజిటర్లు ఇందుకు అందుబాటులో ఉన్న ఏదో ఒక ఈజిప్షియన్ అక్షరాన్ని దూర్చేవారు. అది పంక్తిలో మరకలా ఉండేది.

బెస్లీ దీనిని 1842 నాటి అలంకార రూపాల చట్టం కింద నమోదు చేశాడు. మూడేళ్ల రక్షణ దొరికింది. గడువు తీరగానే తక్కిన ఫౌండ్రీలు అనుకరణలు విడుదల చేశాయి. బెస్లీ వాపోయాడు. తరువాత 1869లో లండన్ లార్డ్ మేయర్ అయ్యాడు కనుక నష్టం మరీ కోలుకోలేనిదేమీ కాదు. అనుకరణల వల్ల 'క్లారెండన్' వ్యక్తినామం నుంచి జాతినామం అయింది. చాలాకాలం ఆంగ్ల ముద్రాపకులకు బొద్దక్షరం అంటే క్లారెండన్ అనే అర్థం. 1884లో తొలి సంపుటి భాగం వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో జేమ్స్ మరే ఆరోపాలకు వాడినది క్లారెండన్ అక్షరమే. అక్కడ బొద్దుతనం అలంకారం కాదు, నిఘంటు నిర్మాణంలో భాగం. ఆరోపం, ఉపపదం, అర్థం, ఉదాహరణ అనే అంతస్తులను పాఠకుడు చదవకముందే కన్ను విడదీస్తుంది. ఇరవయ్యేళ్లకు ముందు హ్యాన్సర్డ్ ఈసడించిన అక్షరపు సంతతి 1845లో పుస్తకంలో చోటు సంపాదించి, నలభై ఏళ్లలో పాండిత్యానికి ప్రతీకగా మారిన గ్రంథంలో ప్రతి పుటా ఆక్రమించింది.

ఆ తరువాతి చరిత్రలో కొత్త పేర్లు చాలా వచ్చాయి. 1929లో జర్మనీలో రుడాల్ఫ్ వోల్ఫ్ గీసిన 'మెంఫిస్', 1931లో అమెరికాలో 'స్టిమీ', 1934లో మోనోటైప్ వారి 'రాక్‌వెల్' ఈ రూపాన్ని వృత్తం, సరళరేఖల జ్యామితికి కుదించాయి. 'మెంఫిస్', 'కర్నాక్', 'కైరో' అనే పేర్లలో పాత ఈజిప్టు మోజు మళ్లీ పలికింది. 1953లో హెర్మన్ ఐడెన్‌బెంజ్ స్విట్జర్లాండ్‌లో క్లారెండన్‌ను పునరుద్ధరించాడు. ఐబిఎం సంస్థకు పాల్ రాండ్ 1956లో రూపొందించిన చిహ్నం గెయార్గ్ ట్రంప్ 'సిటీ' అనే స్లాబ్ సెరిఫ్ ఆధారంగా వచ్చింది. బరువు, స్థిరత్వం, యంత్రపు నమ్మకం అనే భావాలు ఈ అక్షరంలో జనం చదువుతారని సంస్థలు గ్రహించాయి. థోరోగుడ్ నమూనా పుస్తకంలోని ఆరు పంక్తుల ఈజిప్షియన్‌ను ఆధారం చేసుకున్న 'ఆల్ఫా స్లాబ్ వన్' అనే ఉచిత ఫాంటు ఈనాడు ఎవరి కంప్యూటర్లోకైనా దిగుతుంది.

తెలుగు లిపి ముందు

తెలుగులో ఈ అక్షరానికి సమానమైనది ఏది? ఆంగ్ల, తెలుగు ద్విభాషా బోర్డు రాయవలసినవారికి, ఫాంటు చేసేవారికి ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న. తలకట్టును సెరిఫ్‌తో పోల్చే ధోరణి కొందరిలో ఉంది. ఇది లిపిశాస్త్రరీత్యా నిలవదు. రోమన్ Eకి సెరిఫ్ తీసివేసినా అది Eయే. 'క'కు తలకట్టు తీసి గుడి పెడితే అది 'కి'. తలకట్టు అకారాన్ని సూచించే చిహ్నం, అర్థభేదకం. సెరిఫ్ అటువంటిది కాదు. తలకట్టును దిమ్మెలా గీసి 'తెలుగు స్లాబ్ సెరిఫ్' అనడం వేషం మాత్రమే. పైగా గుడి, కొమ్ములతో దాని తేడాకు అది ముప్పు తెస్తుంది.

ఏకమందం విషయం వేరు. గంటంతో తాటాకు మీద గీచిన తెలుగు అక్షరం స్వభావరీత్యా ఏకమందమే. గంటపు మొనకు మందం, సన్నం తేడా లేదు. రోమన్ లిపిలో కలం ఇచ్చిన మందభేదాన్ని తుడిచివేసి ఈజిప్షియన్ అక్షరం సాధించిన సమానత్వం మన లిపికి పనిముట్టు నుంచే దక్కింది. అయినా గంటపు అక్షరాన్ని బొద్దు చేయడం సులభం కాదు. రోమన్‌లో దిమ్మె అక్షరాన్ని వెడల్పుకు లాగి అక్షరగర్భాన్ని కాపాడవచ్చు. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, పంక్తి నిలువునా ఇరుకవుతుంది. 'ధ'కూ 'థ'కూ తేడా లోపలి చుక్క. 'ప'కూ 'ఫ'కూ తేడా అడుగున చిన్న గీత. మందం పెంచితే మొదట మూసుకుపోయేవి ఈ తావులే. మహాప్రాణాలు అల్పప్రాణాలతో కలిసిపోయే ప్రమాదం ఇక్కడ కేవలం అందానికి సంబంధించినది కాదు. 'రామభద్ర', 'బాలూ తమ్ముడు' వంటి నేటి భారీ ఫాంట్లను చూస్తే, వాటి బలం కోణం నుంచి కాక వంపు నుంచి, గుండ్రని కొసల నుంచి వస్తున్నట్టు కనిపిస్తుంది. ఆంగ్ల స్లాబ్ సెరిఫ్ పక్కన తెలుగు పెట్టవలసి వచ్చినప్పుడు దిమ్మెలను అనుకరించడం కన్నా పుట మీద నలుపు పాళ్లను సమం చేయడమే సరైన అనువాదమని నా అభిప్రాయం.

రోమన్ సంప్రదాయం కన్నా తెలుగు ముద్రణకు బొద్దక్షరం మీద ఆధారం ఎక్కువ. మనకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే భేదం లేదు. ఇటాలిక్ మన లిపి చరిత్రలో పుట్టలేదు. కంప్యూటరు అక్షరాన్ని పక్కకు వాల్చి ఇచ్చేది ఇటాలిక్ కాదు, వాలుడు మాత్రమే. ఆంగ్ల సంపాదకుడికి గ్రంథనామానికి ఇటాలిక్కు, ఆరోపానికి బొద్దు, సంక్షేపానికి పొట్టి పెద్దక్షరాలు అనే మూడు నాలుగు స్వరాలున్నాయి. తెలుగు సంపాదకుడికి ఉద్ధరణ చిహ్నాలు పోను మిగిలింది ఒక్క బొద్దక్షరమే. అందువల్ల మన పరిష్కృత ప్రతుల్లో మూలం, పాఠాంతరం, శీర్షిక, నొక్కి చెప్పిన మాట అన్నీ ఒకే బొద్దుతనాన్ని పంచుకుంటూ ఒకదానితో ఒకటి చిక్కుపడుతున్నాయి. పాఠాంతరాల పట్టిక చదివే విద్యార్థికి ఈ ఇబ్బంది తెలుసు.

కాలనిర్ణయానికి ఆధారంగా

ముద్రాక్షర చరిత్రకు పాఠపరిశోధనలో ఒక ప్రత్యక్ష ప్రయోజనం ఉంది. తేదీ లేని ఒక ఆంగ్ల కరపత్రంలో అసలైన క్లారెండన్ అక్షరం కనిపిస్తే అది 1845కు ముందుది కాదు. స్లాబ్ సెరిఫ్ ముద్రాక్షరం కనిపిస్తే 1815కు ముందుది కావడం దాదాపు అసంభవం. ఇది పూర్వావధిని మాత్రమే ఇస్తుంది. ముద్రణాలయాలు పాత అక్షరాలను దశాబ్దాలపాటు వాడుతాయి కనుక ఉత్తరావధి దీనితో తేలదు. అరిగిన అక్షరాలు, విరిగిన దిమ్మెలు ఒకే ముద్రణాలయపు రెండు పత్రాలను జతచేయడానికి పనికివస్తాయి. శాసనాల్లో అక్షరరూపాన్ని బట్టి కాలం చెప్పే పద్ధతికి ఇది ముద్రణయుగపు రూపం.

తెలుగు నాటక కరపత్రాలు, సినిమా పాటల పుస్తకాలు, సభల ఆహ్వానాలు, ఉద్యమాల గోడపత్రికలు చాలావరకు సంవత్సరం లేకుండానే మనకు చేరుతాయి. వాటిలో ఆంగ్ల పంక్తి ఒకటుంటే దాని అక్షరజాతిని ఇప్పటికే గుర్తించవచ్చు. ఆ ఫాంటు తొలి విడుదల తేదీ తెలుసు కాబట్టి ఒక అంచు దొరుకుతుంది. తెలుగు పంక్తికి అదే పని చేయాలంటే తెలుగు అక్షరాలు పోసిన ఫౌండ్రీల నమూనా పుటలు, ధరల పట్టికలు, ముద్రణాలయాల కొనుగోలు చిట్టాలు కావాలి. పత్రాన్ని గ్రంథాలయ సూచిలో చేర్చేటప్పుడు విషయం, కర్త, ముద్రణాలయంతో పాటు అక్షరాల ఎత్తు, అందులో ఎన్ని రకాల అక్షరాలున్నాయి, ఎవరి పేరు ఏ సైజులో ఉంది అన్న మూడు వివరాలు నమోదు చేయడానికి పెద్ద శ్రమ లేదు. పాఠాన్ని మాత్రం టైపు చేసుకుని మూలపత్రాన్ని పక్కన పెట్టేసే ఎత్తిరాతల్లో పోయేవి సరిగ్గా ఈ మూడే.